మందు పెట్టిన కేసు

"పీతలరేవు వాసులకు నమస్కారం. ఈ పూట ఏటి నీళ్లు బాగున్నాయి. పీతలు తినవచ్చు."

స్తంభం మీది జలసాక్షి ఈ మాట చెప్పాకే ఆ ఊళ్లో పొయ్యి మీద కూరగిన్నె ఎక్కుతుంది. ఉప్పుటేటి నీటి బొట్టును పరీక్షించడమే కాదు, ఒడ్డున మనుషుల మాటలనూ ఆ యంత్రం వింటుంది. ఎవరైనా ఒంట్లో బాగోలేదంటే చాలు, రాసేసుకుంటుంది. కొత్త రసాయనం ఏదైనా సరే, దాని వందేళ్ల ప్రభావాన్ని గంటలో లెక్కగట్టి 'నిరపాయం' అనాలి. అంతవరకు ఏట్లో చుక్క పడకూడదు.

ఆ రోజు బట్టల ఫ్యాక్టరీవారి రంగుకట్టు ద్రవానికి తీర్పు రోజు. పరీక్షాధికారి నిరుపమ ఆరు నెలలుగా ఏరంతా గాలించింది. మధ్యాహ్నం తీర్పు రాగానే సంతకం చేసి వేరే జిల్లాకు వెళ్లిపోవాలి. ఆమె పడవ నడిపే పోలిరాజుకు వారం రోజులుగా అన్నం సహించడం లేదు.

"పీతలింకా గుల్ల ఇడవనేదు మేడమ్," అన్నాడు తెడ్డు పక్కన పెట్టి. "ఒళ్లు మెత్తగున్నప్పుడే నీళ్లు బాగా పీల్సుకుంతాయి. అప్పుడు సూడకపోతే అదేటి పరీక్స?"

"నేనూ అదే అడిగాను పోలిరాజు గారూ. గడువు పెంచాలంటే మనిషికేదో అయినట్టు ఫిర్యాదు ఉండాలట."

పడవ ఒడ్డుకు చేరి చాలాసేపయింది. అయినా దిగడానికి ఆమెకు కాళ్లు రావడం లేదు. మనసులో మాట ఇద్దరిలో ఒక్కరైనా బయటపెడితేగా!

ఒడ్డున పోలిరాజు తల్లి గురమ్మ పొరుగామెతో మొర పెట్టుకుంటోంది. "ఏటి సెప్పమంతావే ఎల్లాయమ్మా! ఆ పరీక్సల గుంట మా పోలిరాజుకి మందెట్టీసింది. తిండి నేదు, నిద్ర నేదు, ఒక్కడూ కూకోని నవ్వుకుంతన్నాడు!"

స్తంభం మీద ఎర్రదీపం వెలిగింది.

"హెచ్చరిక. పోలిరాజుకు మందు పెట్టబడింది. పెట్టినవారు పరీక్షాధికారి. లక్షణాలు: ఆకలి లేమి, నిద్ర లేమి, అకారణ నవ్వు. విచారణ పూర్తయ్యేవరకు తీర్పు నిలిపివేత."

ఊరు ఊరంతా ఒడ్డుకు పరుగెత్తుకొచ్చింది. సంగతి తెలిసి కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. ఆ యంత్రానికి లక్ష మాటలు నేర్పిన మహానుభావులు, మందు పెట్టడమంటే మనసు లాగేసుకోవడమని మాత్రం చెప్పలేదు మరి!

"ఓలమ్మో, ఎంత పని సేసినాను!" అని గురమ్మ నాలిక్కరుచుకుంది.

"అధికారి జవాబు చెప్పాలి," అంది జలసాక్షి. "మందు పెట్టారా?"

నిరుపమ చెవులు కందిపోయాయి. లేదంటే తీర్పు ఇప్పుడే వస్తుంది. పీతల సంగతీ, పడవ సంగతీ ఈ పూటతో సరి. ఆమె పోలిరాజు వైపు చూసింది.

"పెట్టాననే అనుకుంటున్నాను. ఆయనా నాకు పెట్టారు."

"విరుగుడు కావాలా?"

"అక్కర్నేదు!" పోలిరాజు కేకకు గట్టు మీది కొంగలు లేచిపోయాయి.

"ఇద్దరు బాధితులు. గడువు తొంభై రోజులు పెంపు," అంది జలసాక్షి.

ఆ తొంభై రోజుల్లోనే పీతలు గుల్ల విడిచాయి. నిరుపమ పరీక్షకని ద్రవం కలిపి పెట్టిన తొట్టెల్లో సగం పీతలకు కొత్త గుల్ల కట్టనే లేదు. జలసాక్షి 'అపాయం' అని తేల్చింది. ఫ్యాక్టరీవారు ద్రవాన్ని వెనక్కి తీసుకున్నారు, ఏరు బతికింది. మర్నాడే ఇద్దరికీ పెళ్లి.

మందు పెట్టిన కేసు మాత్రం ఇంకా మూయలేదు. ఏటా అదే రోజున జలసాక్షి ఏరంతా వినబడేలా అడుగుతుంది: "బాధితులు కోలుకున్నారా?"

"నేదు!" అని ఊరంతా ఒక్క గొంతుతో అరుస్తుంది. అందరికంటే గట్టిగా అరిచేది గురమ్మే.