పదకొండు రసీదులు, రెండు ఫైళ్ళు

ఉదయం పదింటికి తలుపు తోసుకుని వచ్చిన ఆవిడ, కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలోని స్టాంపు కాగితాలు బల్లమీద పరిచింది.

"సాయంత్రం అయిదులోగా వీటిమీద సంతకం పెట్టాలన్నారు మా బావగారు. పెడితే దుకాణంలో మా ఆయన వాటా వదులుకున్నట్టే. పెట్టకపోతే దొంగతనం కేసు. ఆయన పోయి రెండేళ్ళు. నాకున్న ఆధారం అదొక్కటే అమ్మగారూ!"

ఆడిటరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. పాతికేళ్ళు బ్యాంకు ఆడిటరుగా ఎంతోమందికి చెమటలు పట్టించి, తర్వాత ప్రైవేటు డిటెక్టివ్‌నంటూ బోర్డు పెట్టుకున్న మనిషి. సహాయకుడు ఒకప్పుడు కంప్యూటర్లు బాగుచేసేవాడు. అందరూ మెకానిక్ అనే పిలుస్తారు. ఆడిటరమ్మ నోరంటే అతనికి హడలు, బుర్రంటే భక్తి.

"ఏడుపు తర్వాత. ముందు విషయం చెప్పమ్మా."

విషయం ఇది. అన్నదమ్ముల రంగుల దుకాణం. కౌంటరు దగ్గర కూర్చునేది మరిది. మధ్యాహ్నం బావగారు భోజనానికి వస్తూ రసీదు పుస్తకం తెస్తాడు. ఈవిడ ఇంట్లో ల్యాప్‌టాప్‌లో లెక్క ఎక్కించి, రసీదు నకలు మీద ఆకుపచ్చ టిక్కు పెడుతుంది. లెక్కల ఫైలు క్లౌడ్ ఫోల్డర్‌లో ఉంటుంది కాబట్టి ఇంట్లో రాసింది దుకాణంలోకి, అక్కడ రాసింది ఇంట్లోకి దానంతటదే వచ్చేస్తుంది. పాస్‌వర్డు ఇంటిల్లిపాదికీ ఒకటే. సాయంత్రం మరిది తెచ్చిన నగదు, స్క్రీన్‌మీది మొత్తంతో సరిపోతే బీరువాలో పెడుతుంది. ఏనాడూ రూపాయి తేడా రాలేదు.

మొన్న ఒక పెయింటరు రసీదు చూపిస్తే లెక్కలో ఆ జమ లేదు. వెతికితే ఇరవై రోజుల్లో పదకొండు జమలు మాయం. పదకొండింటికీ ఆకుపచ్చ టిక్కులున్నాయి.

"రాసి, టిక్కు పెట్టి, తర్వాత తుడిచేసి డబ్బు నొక్కేశానంటున్నారు."

ఆవిడ తెచ్చిన ల్యాప్‌టాప్‌ను ఆడిటరమ్మ మెకానిక్ వైపు తోసింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏ జమ తుడిచినా మార్పుల చిట్టాలో ఆనవాలు మిగులుతుంది. అతను పావుగంట వెతికాడు.

"ఒక్క తుడుపు కూడా లేదు మేడమ్. ఈ ఫైలులో ఆ జమలు అసలెప్పుడూ రాయనేలేదు."

"మరి ఈవిడ రాసింది ఏ ఫైలులో?" అంది ఆడిటరమ్మ.

దుకాణంలో వాళ్ళకి మర్యాదేమీ జరగలేదు. రంగు డబ్బాల మధ్య కనీసం నిలబడమని కూడా ఎవరూ అనలేదు.

"మా ఇంటి గొడవలో మీకేం పని?" అన్నాడు ఆవిడ బావగారైన పెద్దాయన కసిరినట్టు.

"ఓహో, వదినగారు డిటెక్టివుల్ని పెట్టారా! ఫీజు మా డబ్బేనా?" మరిది నవ్వాడు. ఆ నవ్వు చూసి మెకానిక్‌కు ఒళ్ళు మండిపోయింది.

"కంప్యూటరు ముట్టుకుంటావా బాబూ?" అడిగింది ఆడిటరమ్మ.

"బిల్లులు కొడతా. లెక్కలు వదినవే."

బయట ఆ పెయింటరు దొరికాడు.

"కార్డుతో కడదామనుకున్నానమ్మా. నెట్టు లేదు, మిషను పనిచెయ్యదన్నారు. ఏటీఎంకి పోయి నోట్లు తెచ్చిచ్చా."

మిగతా రసీదులవాళ్ళకు ఫోను చేస్తే అందరిదీ అదే పాట. పక్కనే మందుల షాపు. రెండు దుకాణాలకూ ఒకటే ఇంటర్నెట్ లైను.

"నెట్టు పోవడమా? ఈ నెలలో ఒక్కరోజూ పోలేదే!" అన్నాడు షాపతను.

నాలుగున్నరకి షట్టరు దించి అందర్నీ లోపల కూర్చోబెట్టింది ఆడిటరమ్మ.

"ఆ పదకొండు రోజులూ నెట్టు పోలేదు, తీగ పీకారు. దానివల్ల రెండు లాభాలు. కార్డు మిషను ఆగిపోయి చేతికి నోట్లొస్తాయి. ఇక్కడి ఫైలుకి ఇంటి ఫైలుతో సంబంధం తెగిపోతుంది. ఈవిడ ఇంట్లో అన్ని రసీదులూ రాసింది. కౌంటర్లో ఈ అబ్బాయి ఒక్కటి వదిలేసి, ఆ నోట్లు జేబులో వేసుకుని, మిగతావి రాశాడు. సాయంత్రం తీగ పెట్టగానే క్లౌడ్‌కి ఏది నిజమో తేలక రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టింది. ఇతను వదినది తీసేసి, తన ఫైలుకి దాని పేరు పెట్టాడు. జమ తుడవలేదు, ఫైలునే మార్చేశాడు. అందుకే చిట్టాలో ఆనవాలు లేదు, నగదులో తేడా రాలేదు."

"కట్టుకథ! సాక్ష్యమేది?" మరిది లేచి నిలబడ్డాడు.

"కంప్యూటర్లో చెత్తబుట్ట రోజూ ఖాళీ చేశావు. క్లౌడ్‌వాళ్ళ దగ్గర ఇంకో చెత్తబుట్ట ఉంటుంది, నెల్లాళ్ళు దాస్తారు. నీకది తెలియలేదు."

మెకానిక్ స్క్రీన్ తిప్పాడు. పదకొండు ఫైళ్ళు. ప్రతిదాని పక్కనా తొలగించిన కంప్యూటరు పేరు: కౌంటర్. ఒకటి తెరిచాడు. పెయింటరు కట్టిన జమ నిక్షేపంలా ఉంది.

"ఇంట్లోంచి వదినే..." అంటూ మొదలుపెట్టాడు మరిది.

"నోర్ముయ్!" పెద్దాయన అరుపుకి అరల్లో డబ్బాలు అదిరాయి.

"అరుపులు తర్వాత," అంది ఆడిటరమ్మ. "వాడుకలో ఉన్న ఫైలు క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టి రెండుచోట్ల తెరవడం మీ అందరి తెలివితక్కువతనం. అసలు ఫైలు ఒకే కంప్యూటర్లో ఉండాలి. పని ముగించి మూసేశాక, తేదీ వేసి ఒక నకలు క్లౌడ్‌లోకి పంపండి. ఎవరి పాస్‌వర్డు వాళ్ళకుండాలి."

పెద్దాయన స్టాంపు కాగితాలు చించేశాడు. మరదలివైపు చూడలేకపోయాడు.

"తప్పయిందమ్మా. రేపట్నుంచి లెక్కలు మళ్ళీ నువ్వే చూడు. వీణ్ణి నేను చూసుకుంటా. ఈ సంగతి మాత్రం ఈ నాలుగు గోడల మధ్యే ఉండనీ."

ఆవిడ లేచి షట్టరు దగ్గర నిలబడింది.

"నన్ను దొంగ అన్నప్పుడు షట్టరు తెరిచే ఉంది బావగారూ. కూలీలు విన్నారు, పెయింటర్లు విన్నారు, వీధంతా విన్నది. ఎత్తండి."

పెద్దాయన తమ్ముణ్ణి చూశాడు, ఆడిటరమ్మను చూశాడు. ఎవరూ అతన్ని ఆదుకోలేదు. వంగి షట్టరు ఎత్తాడు. మెట్లమీద సరుకుకోసం వచ్చినవాళ్ళు ఏడెనిమిది మంది తలలు తిప్పారు.

"మా... మా మరదలి తప్పేం లేదు," అని గొణిగాడు తడబడుతూ.

"గట్టిగా చెప్పండి," అంది ఆవిడ. "మందుల షాపుకి వినపడలేదు."