ఎడమచేతి కుట్టు

మధ్యాహ్నానికే చీకటి కమ్మింది... కాటుక మబ్బులు సూర్యబింబాన్ని మింగేశాయి. ఎక్కడో ఒక గుడ్లగూబ వేళ మరిచి కూసింది. బట్టలు కుట్టే దుకాణం వెనక గదిలో, ఇస్త్రీ బల్ల మీద ఒక కపాలం! దాని ముందు భగభగమండే నిప్పుల కుంపటి!

కుంపటికి అటువైపు మాంత్రికుడు. ఇటువైపు ఆ దుకాణం నడిపే దర్జీ పిల్ల.

ఆరేళ్లప్పుడు చూసిన దృశ్యం ఆమెకు ఇన్నేళ్లుగా కంటిమీద కునుకు పట్టనివ్వలేదు. మంటల్లో గది... లోపల తమ్ముడి కేకలు... తలుపు గడియ మీద అమ్మ చెయ్యి! తమ్ముణ్ణి పొట్టన పెట్టుకుంది అమ్మేనని అప్పుడే అందరికీ చెప్పింది. అమ్మమ్మ దగ్గర పెరిగింది. మళ్లీ తల్లి మొహం చూడలేదు. తల్లి ఏటా కుట్టి పంపే జాకెట్లను మడతైనా విప్పకుండా పెట్టెలో కుక్కేసింది. వాటిలో ఒకటి ఇప్పుడు ఆమె ఒళ్లో ఉంది.

మాంత్రికుడికి కావలసింది ఆ పగే. కన్నబిడ్డ సాక్ష్యంతో ఒక తల్లి ప్రాణం బలి ఇస్తే వాడికిక మృత్యుభయం లేదు. సాక్ష్యం అబద్ధమైతే మాత్రం ఆ క్షుద్రశక్తి పిలిచినవాణ్ణే భక్షిస్తుంది. ఆ సంగతి తెలిసినా వాడు బెంగపడలేదు. పసికళ్లు అబద్ధం చూస్తాయా అని వాడి ధీమా.

“ఆ జాకెట్టు కుట్లు విప్పుతూ, చూసింది చూసినట్టు మూడుసార్లు చెప్పు. మూడోసారి నిప్పులో వెయ్యి. అక్కడ మీ అమ్మ కాలి బూడిదవుతుంది.”

“గడియ పెట్టింది మా అమ్మే,” అంది దర్జీ పిల్ల.

కపాలం కనుగుంటల్లో నీలిజ్వాల లేచింది. రెండోసారి అంది. గోడలు కంపించాయి...

అంచున చేతికుట్టు దగ్గరికి వచ్చేసరికి ఆమె కత్తెర ఆగిపోయింది.

కుట్లు ఎదురువైపుకి వాలి ఉన్నాయి. ఎడమచేత్తో కుట్టేవాళ్లకే అలా పడతాయి. అమ్మది కుడిచేతివాటం. ఒళ్లో కూర్చోబెట్టుకుని సూది పట్టడం నేర్పింది ఆ కుడిచేత్తోనే. మరి ఆ చెయ్యి ఏమైంది?

ఎర్రగా కాలిన ఇనుప గడియ... దాన్ని పట్టుకున్న అమ్మ కుడిచెయ్యి... వెయ్యడం లేదు, లాగుతోంది! అంతకుముందు దాగుడుమూతల ఆటలో, తమ్ముడు బయటికి రాకుండా మునివేళ్ల మీద లేచి గడియ పెట్టిన ఒక చిన్నచెయ్యి... ఆ తర్వాతే ఇస్త్రీపెట్టెలోని నిప్పురవ్వ బట్టలకు అంటుకుంది.

“చెప్పవే! ఆపావంటే నీ నెత్తురు తాగుతా!” గర్జించాడు మాంత్రికుడు.

“గడియ పెట్టింది నేను,” అందామె.

ఫెళఫెళమని ఉరిమింది! నీలిజ్వాల వెనుదిరిగింది. అబద్ధపు సాక్ష్యం తిన్న ఆ శక్తి ఆకలితో వాడి మీదికే దూకింది. గది దద్దరిల్లేలా ఒక్క అరుపు... ఆపైన కుంపటి పక్కన గుప్పెడు బూడిద మిగిలింది.

సగం విప్పిన జాకెట్టుతోనే ఆమె వానలో పరిగెత్తింది. తల్లి ఎడమచేత్తో తలుపు తీసింది. ముడుచుకుపోయిన కుడిచేతిని గబుక్కున వీపు వెనక దాచుకుంది.

“అమ్మా... ఆ రోజు గడియ పెట్టింది నేనే కదా?”

తల్లి ఆమె తడిసిన తలను దగ్గరికి లాక్కుంది.

“కాదే పిచ్చిదానా. నేనే పెట్టాను,” అంది.