కుళ్లు సూపుకి కితాబు

చీఫ్ ఆఫీసు చేపల గోడౌను వెనకాల. రహస్యం కోసం అక్కడ పెట్టారట. ఆ కంపుకి శత్రువులే కాదు, ఈగలు కూడా ముక్కు మూసుకుని దాటిపోతాయి.

"ఏజెంట్ జిడ్డూ! ఇవాళ మధ్యాహ్నం విందులో డాక్టరమ్మని లేపేస్తారట," అన్నాడు చీఫ్. "ముఠావాళ్ల విషానికి విరుగుడు ఆవిడ బుర్రలోనే ఉంది. హంతకుడు ఇంగ్లీషు దంచే పెద్దమనుషుల మధ్య కూర్చుంటాడు. ఎవడో తెలీదు."

"విందు మానిపిస్తే?"

"ఇంకోచోటికొస్తాడు నాయనా. పట్టెయ్."

పట్టుకుంటే వదలడు గనకే మనవాడికి ఆ పేరు. వెయిటర్ వేషం వేశాడు. బొత్తాంలో కెమెరా, బూటులో వైర్‌లెస్. రెండూ పనిచెయ్యలేదు. సర్కారు సరుకు మరి!

వంటింటి వెనక టీచరమ్మ కలిసింది. నల్లకళ్లద్దాలు, సెంటు ఘుమఘుమ. అటూ ఇటూ జీతం పుచ్చుకునే డబుల్ ఏజెంట్. ముఠాకి ఇంగ్లీషు నేర్పేది ఆవిడే.

"ఎవడమ్మా వాడు?"

"తెర వెనకనుంచి పాఠం చెప్పిస్తారు బాబూ, మొహాలు చూడనివ్వరు. 'నైస్' మాత్రం గట్టిగా రుద్దాను. బిస్కట్టు రుచిగా ఉంటే నైస్. వాన వెలిస్తే నైస్ వెదర్. పోట్లాడని వాడు నైస్ మేన్. ఎవరింట్లో ఏం పెట్టినా ముందు ఆ ముక్క అనాల్సిందే. అనకపోతే బెత్తం దెబ్బ."

"బాగోకపోతే?"

"నాట్ వెరీ నైస్ అని మెత్తగా అనొచ్చు. ఆ పాఠం వచ్చేవారం."

జిడ్డు కళ్లు మెరిశాయి. పెరట్లో బకెట్ నిండా చేప పేగులు, తలకాయలు ఎండకి నురగ కక్కుతున్నాయి. గరిటెడు ముంచి సూపులో కలిపాడు. ఆకుపచ్చటి జిగురు తీగలు సాగింది. తెల్లటి కన్నొకటి పైకి తేలి అతన్నే చూసింది. గిన్నె మోసుకెళ్లి వడ్డించాడు.

మొదటి చెంచాకే జడ్జిగారు రుమాల్లో ఉమ్మేశారు. "ఛీ ఛీ! ఈ వెధవని ఎవడ్రా పనిలో పెట్టుకుంది?" అని బ్యాంకు మేనేజరు లేచాడు. ఆయన బావమరిది కిటికీలోంచి సగం బయటికి వేలాడుతున్నాడు. డాక్టరమ్మ నోరు పట్టుకుని వంగిపోయింది.

ఆవిడ పక్కనున్న పూలవ్యాపారి మాత్రం గుటుక్కున మింగాడు. గడ్డం మీద జిగురు తుడుచుకున్నాడు. చెమటలు కారుతుండగా, కళ్లు తేలేస్తూ నవ్వాడు.

"నైస్ సూప్!"

బల్ల కింద వాడి రెండో చేతిలో సిరంజి. సూది ఆవిడ మోకాలికి వెంట్రుకవాసి దూరంలో ఉంది.

జిడ్డు సూపు గిన్నె ఎత్తి వాడి నెత్తిన బోర్లించాడు. సిరంజి జారి నేలమీద భళ్లుమంది. బయట కాపున్న పోలీసులు వాణ్ణి చేత్తో ముట్టకుండా, కర్రలతో తోసుకుంటూ వ్యాను ఎక్కించారు.

"మావాడు మీ ప్రాణం కాపాడాడు డాక్టరమ్మా! ఒక మంచి మాటనండి," అన్నాడు పోలీసుల వెనకే వచ్చిన చీఫ్.

ఆవిడ వాష్‌బేసిన్‌లోంచి తలెత్తింది. "అంటాను. ముందు అతన్ని ఒక చెంచా తాగి రమ్మనండి."