పేరు పెట్టని ఏడుపు

మా డబ్బింగు మీద జనం రాసే అభిప్రాయాలన్నీ నేనే చదువుతా. గిరి చదవడు. వాడికి వాడి గొంతు వినడమంటేనే సిగ్గు. నాకట్లా కాదు, ఎవురేమన్నా మాటకు మాట జవాబిస్తా.

మాది సోమందేపల్లె దగ్గర. ఇంటి వెనక నాయన కట్టిన పట్టుపురుగుల షెడ్డు ఉండాది. ఒక మూల గోడలకు దుప్పట్లు, గోనెపట్టలు కట్టి, నేనూ మా తమ్ముడు గిరీ ఒక జపాన్ కత్తియుద్ధాల యానిమేకు తెలుగు గొంతులిచ్చినాం. మొదటి సంపుటం, నాలుగు భాగాలు. నెల పట్టింది. తడి ఆకు వాసన, సున్నం వాసన, చెమట. కిటికీలు మూస్తే మిట్టమధ్యాహ్నం కూడా చీకటే.

మొదటి భాగం నెట్లో పెట్టిన రోజే అభిప్రాయాలు మొదలైనాయి. "హీరో టమాటాలమ్మే మైకు మాదిరి అరుస్తాండాడు" అని ఒకడు. "హీరోయిన్ నీళ్ళ ట్యాంకరు కాడ కొట్లాటకు వచ్చినట్టుండాది" అని ఇంకొకడు. ఆ హీరోయిన్ నేనే. "రా సామీ, నీ బిందె కూడా నింపుతా" అని రాసినా. చానామంది మెచ్చుకున్నది మొదటి భాగంలో వాన శబ్దాన్ని. వాన లేదు, పాడూ లేదు. పక్కన తట్టల్లో వేల పురుగులు ఒక్కసారి ఆకు నమిలితే రేకుల మీద చినుకులు పడినట్టుంటాది. మా కాడ అసలు వాన చూసి ఎన్ని నెలలైందో.

ఇంతవరకూ బాగానే ఉండాది. గొడవంతా మూడో భాగంతో వచ్చింది.

అందులో ఊరు తగలబడినాక ఒక ముసలామె చచ్చిన కొడుకు మీద పడి ఏడుస్తాది. నేను ఏడిస్తే పన్ను నొప్పి వచ్చినట్టుందని గిరి పడీపడీ నవ్వినాడు. దాంతో నాకు రోషమొచ్చి హనుమంతవ్వను పిల్చుకొచ్చినా. చుట్టుపక్కల ఎవురు పోయినా శోకాలు పెట్టి ఏడ్చేది ఆమే. ఆమె రాకుండా మా తట్టు శవం లేవదు.

అవ్వ మైకు ముందు చతికిలబడి, "ఎవురి పేరు పెట్టి ఏడ్చల్లమ్మా?" అని అడిగింది.

"పేరెందుకవ్వా, ఉత్త బొమ్మ. ఆ జపాన్ పేరు నీకు నోరు తిరగదు. కొడుకా, నాయనా అంటే చాలు" అంటి.

"పేరు లేకుండా ఏడ్వకూడదమ్మా. ఏడుపు యాడికని పోతాది?"

ఆమె లేచి పోతాంటే చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టినా. నా మొండితనం మా ఇంట్లో అందరికీ తెలుసు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కండ్లు మూసుకునింది. తర్వాత మొదలుపెట్టింది. అప్పుడొకటి గమనించినా. పురుగులు తినడం ఆపేసినాయి. అన్నీ తలలెత్తి అవ్వ పక్కే చూస్తాండాయి. అవ్వ ఆపినాక మళ్ళీ వాన మొదలైంది. ఆమె మంచినీళ్ళు కూడా తాగకుండా పోయింది.

మూడో భాగం పెట్టిన సాయంత్రం యాడికి అనే ఊరి నుంచి ప్రతాప్ అనే అతను రాసినాడు. "ముసలామె ఏడుపు బాగుంది. మధ్యలో లింగప్పా, లింగప్పా అంటాదే, మా నాయన పేరు మీకెవురు చెప్పినారు?"

"చెవులు చూపించుకో అన్నా, ఆడ పేరే లేదు" అని నవ్వితి.

గంట తర్వాత వజ్రకరూరు నుంచి సారా అనే ఆమె. "ఏడుపు చానా బాగుంది. కృపాకుమారి అని మా అక్క పేరే పెట్టినారే, సంతోషం."

మళ్ళీ పెట్టుకొని విన్నా. పదిసార్లు విన్నా. కొడుకా, నాయనా. అంతే.

మర్నాడు ప్రతాప్ తన మాట కిందే ఇంకొకటి రాసినాడు. "నాయన పొద్దున పోయినాడు. బాగానే ఉండె. మీకెట్లా తెలుసు?"

సారా మూడే ముక్కలు రాసింది. "మా అక్క కూడా."

అప్పటికప్పుడు మూడో భాగం తీసేసినా. కానీ జనం అప్పటికే దించుకొని ఒకరికొకరు పంపుకుంటాండారు. మీ ఫోనుకు వచ్చుంటే వినొద్దండి. మీ కాళ్ళు పట్టుకుంటా, వినొద్దండి.

ఈ పొద్దు ఎండ నడినెత్తికి రాకముందే హనుమంతవ్వ ఇంటికి పోతి. ఆమె గడప మీద కూర్చొనుండె. నేను చెప్పకముందే తలాడించింది.

"ఆ ఏడుపు పేరు కోసం తిరుగుతాండాది. విన్నోళ్ళ మనసులో ఎవురుంటే వాళ్ళ పేరు పట్టుకుంటాది" అనింది.

"ఎట్లా నిలపల్లవ్వా?"

"అడిగి ఏడిపించినోళ్ళకు ఏ పేరూ వినపడదు, వాళ్ళే ఒక పేరు ఇయ్యల్ల. ఇస్తే దాంతో సరి."

"ఎవురి పేరిచ్చేది?"

అవ్వ నన్నే చూసింది. నా పేరు గౌతమి. నాలుగు అక్షరాలు కూడా లేవు. నోట్లోంచి రాలేదు. నాకు బతకాలని ఉండాది, ఏం చేసేది? ఏడ్చుకుంటా ఇంటికొచ్చినా.

షెడ్డులోకి వస్తే గిరి. చెవులకు హెడ్‌ఫోన్లు. ఒళ్ళో ఫోను. ఎవరో స్నేహితుడు పంపినాడంట, "నీ గొంతు బాగుండాది, ఒకసారి విను" అని. జన్మలో వినని వాడు ఈ పొద్దే విన్నాడు. గబుక్కున లాగి పారేసినా.

"యాడిదాకా విన్యావు?"

"...మూడోది అయిపోయింది."

"ఏం పేరు వినపడింది?"

వాడు నా మొహం చూసినాడు.

"ఏ పేరూ లేదక్కా," అని గొణిగినాడు.

చిన్నప్పటి నుంచి వాడికి అబద్ధం చెప్పడం చేతకాదు. లేచి పోయి తలుపు గడియ పెట్టినాడు. కిటికీలు మళ్ళీ చూసుకున్నాడు. తట్టలన్నిటికీ కొత్త ఆకు వేసినాడు, చేతులకేదో పని కావల్ల కదా.

"అక్కా... ఈ పొద్దు బయటికి పోవద్దు. నా కాడనే ఉండు."

తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. అవ్వకు నేను ఇయ్యలేని పేరేనా వాడు విన్నది అని నేను మళ్ళీ అడగలేదు. చీకట్లో ఇది ఫోనులో రాసుకుంటా వాడి ఊపిరి వింటాండా. ఊపిరి ఒకటే వినపడుతాండాది... అది ఇప్పుడే తెలిసింది. వాన నిలిచిపోయింది.

ఫోను వెలుగు తట్టల మీదికి తిప్పినా. పురుగులన్నీ తలలెత్తి నా పక్కే చూస్తాండాయి.

ఆకు వేసి గంట కూడా కాలేదు.