మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి

ఆదివారం ఉదయం ఎనిమిదింటికే ఆ ఇంట్లో హడావుడి మొదలైంది. ఎవరో పెద్ద చుట్టాలు దిగుతున్నారేమో అనుకునేరు, అదేం కాదు. పదకొండింటికి కొడుకు లైవులో కూర్చుంటాడు. కుక్కర్ కూత కూడా వినపడకూడదు కాబట్టి వంట పెందలాడే ముగించాలని కోడలి హుకుం.

"అత్తయ్యా, ఆ మెరిసే చీర వద్దు, వెలిసిన నీలం చీర కట్టుకోండి. మరీ ఉన్నవాళ్ళలా కనిపిస్తే జనం నమ్మరు."

తల్లి చీర మార్చుకుంది. ఇంకోరోజైతే లోపల్లోపల సణుక్కునేదే. ఇవాళ ఆవిడ ధ్యాసంతా కూతురి మీదే ఉంది. కూతురు నిన్న ఒక మాట చెప్పింది. బట్టల దుకాణంలో కొలతలు సరిచేసి కుట్టే పని దొరికిందట, ఇవాళ్టి నుంచే రమ్మన్నారట, దుకాణం వెనక సందులో గది కూడా చూసుకుందట, వచ్చే వారం వెళ్ళిపోతుందట.

"నీ ఇల్లు ఉండగా ఎక్కడికే?" అంటే, "నా గది ఉందా అమ్మా?" అని అడిగింది కూతురు. భర్త పొమ్మంటే ఏడు నెలల కిందట కూతురు ఈ గడప తొక్కేసరికే, పెళ్ళికి ముందు ఆమె పడుకున్న గదిలో కొడుకు రెండు లైట్లూ ఒక కెమెరా బిగించేశాడు. గోడకి ఆనించి ప్లాస్టిక్ కవర్ కూడా విప్పని నిలువెత్తు పరుపు. "అది కంపెనీ శాంపిల్, మాసిపోతే నేనే కట్టాలి," అన్నాడు. ఈ ఏడు నెలలూ ఆ పిల్ల హాల్లో చాప మీదే పడుకుంది.

కొడుకు ఉద్యోగం సంగతి చెప్పాలి. ఒక పరుపుల కంపెనీ ఉంది. దాని పరుపుల గురించి నలుగురికీ చెప్పి మన పేరు మీదున్న లింకు పంపితే, ఆ లింకు నొక్కి ఎవరు కొన్నా మనకి వాటా ఇస్తుంది. అఫిలియేట్ ప్రోగ్రాం అంటారు. కొడుకు పరుపులమ్మడు. అమ్మేవాళ్ళని పోగుచేస్తాడు. ప్రతి ఆదివారం లైవులో కూర్చుని, కొత్తవాళ్ళని ఆ ప్రోగ్రాంలో చేరమని ఊరిస్తాడు.

"ఇవాళ కంపెనీ మేడం కూడా చూస్తుందమ్మా. యాభై మంది చేరితే నాకు వాళ్ళ ఆఫీసులోనే కుర్చీ వేస్తారు. సామానంతా అక్కడికి పోతుంది, బుజ్జి గది బుజ్జికి ఇచ్చేస్తా. నీ రెండు ముక్కలూ చెప్పేసి లేచిపోకు, ఆఖరిదాకా నా పక్కనే కూర్చో," అన్నాడు.

గది వస్తే పిల్ల ఆగుతుంది. తల్లికి కావలసింది అంతే. అందుకే కెమెరా ముందు ఎన్నడూ లేనంత బాగా చెప్పింది. కొడుకు వల్లే ఇల్లు నిలబడిందంది, చదువురాని తనే పదిమందిని చేర్పించానంది. తను చేర్పించింది ఎదురింటావిడ ఒక్కర్తినే. ఆవిడ అప్పట్నుంచీ ఈవిడతో మాట్లాడటం మానేసింది.

మూడు వందల పన్నెండు మంది చూస్తున్నారని కోడలు ఫోన్ తిప్పి చూపించింది. కొడుకు గొంతు సవరించుకున్నాడు.

"పరుపు ఎంత మందం, లోపల ఏముంది అన్నది ఎవరిక్కావాలండీ? జనానికి కథ కావాలి. మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి. ప్రతి ఇంట్లోనూ ఒక ఏడుపు ఉంటుంది. దాన్ని దాచుకోకండి, వాడుకోండి. నేనేం చేశానో చూడండి."

తెర మీద వీడియో మొదలైంది. హాలు. చాప. గోడవైపు తిరిగి పడుకున్న ఆడపిల్ల వీపు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. "నేనేం తప్పు చేశాను" అన్న మాట మధ్యమధ్య వినపడుతోంది.

తల్లి వెంటనే గుర్తుపట్టింది. అది పిల్ల వచ్చిన కొత్తలో తను తీసిన వీడియో.

"మా చెల్లెలండీ. మొగుడు వదిలేశాడు. కటిక నేల మీద పడుకుని, నడుం నొప్పి తట్టుకోలేక ఎలా ఏడుస్తోందో చూడండి. ఆ రోజే ఈ కంపెనీ పరుపు ఇంటికి తెచ్చాను," అంటున్నాడు కొడుకు.

దుకాణానికి బయల్దేరిన కూతురు, వెళ్ళొస్తానని చెప్పడానికి అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. తన ఏడుపు తనే విని అక్కడే ఆగిపోయింది. చూస్తున్నవాళ్ళలో ఎవరో మీ చెల్లెలితో మాట్లాడించండి అని రాశారు. కొడుకు మొహం వెలిగిపోయింది.

"రా బుజ్జీ. భయపడకు, రెండు ముక్కలు చెప్పు."

ఆమె వచ్చి కెమెరా ముందు నిలబడింది. గొంతు పెంచలేదు.

"ఆ పరుపు మీద నేను ఒక్క రోజు కూడా పడుకోలేదు. ఇది నా గది. అన్నయ్య తీసుకున్నాడు కాబట్టి నేల మీద పడుకుంటున్నాను. ఆ రోజు నేను ఏడ్చింది నడుం నొప్పికి కాదు."

వీడి పని అయిపోయింది అనుకుంటారా? వాడు సామాన్యుడా. ఒక్క దగ్గు దగ్గి, కళ్ళు తుడుచుకున్నాడు.

"చూశారా? మా ఇంట్లో నటులు లేరు. చెల్లెలికి అన్యాయం చేశాను, మీ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. తప్పు ఒప్పుకునేవాడి వెనక నడుస్తారా, తప్పు దాచేవాడి వెనకా? మీరే తేల్చుకోండి."

చేరేవాళ్ళ పేర్లు జలజలా రాలాయి. కోడలు వేళ్ళు చాలక కాగితం మీద రాసి చూపించింది. ముప్ఫై. నలభై ఎనిమిది. అరవై ఒకటి. నిజం చెప్పి వాణ్ణి ఆపుదామనుకున్న పిల్ల, ఆ నిజంతోనే వాడికి గిరాకీ తెచ్చిపెట్టింది.

లైవు ఆగింది. తల్లి కొడుకు వైపు తిరిగింది.

"అది మీ బావకు పంపమని కదరా ఫోన్ నీ చేతికిచ్చాను?"

"పంపితే ఏమొచ్చేదమ్మా? చూసి నవ్వుకునేవాడు. ఇక్కడైతే పనికొచ్చింది."

"పంపనే లేదా?"

ఏడు నెలలుగా ఆవిడ అల్లుణ్ణి రాతిగుండెవాడని తిట్టుకుంటోంది. ఫోను మోగినప్పుడల్లా పరుగెత్తుతోంది.

"పోనీలే, గది వచ్చింది కదా బుజ్జీ. సాయంత్రానికి ఖాళీ చేయిస్తాను. వచ్చే ఆదివారం కూడా ఇలాగే వచ్చి నాలుగు మాటలు—"

"ఇదే చుడీదార్ వేసుకో, కెమెరాలో బాగుంది," అంది కోడలు.

కూతురు వాళ్ళిద్దరినీ చూడనే లేదు. తల్లి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది.

"నువ్వు తీశావా అమ్మా?"

"చూస్తే అతని మనసు కరుగుతుందేమోనని... నీ కాపురం నిలబెడదామనే తీశానే, నీ మీద ఒట్టు."

"నాలుగు నిమిషాలుంది. అంతసేపూ నా వెనకే నిలబడ్డావా?"

తల్లి తల ఊపింది.

"నేనప్పుడు ఇంట్లో ఎవరూ లేరనుకున్నాను. ఎవరైనా వచ్చి ఒక్క మాట పలకరిస్తే బాగుండనుకున్నాను. ఒక్కసారి పిలవలేకపోయావా?"

ఏ అబద్ధమైనా చెప్పవచ్చు. నోరు రాలేదనవచ్చు, దుఃఖం ముంచుకొచ్చిందనవచ్చు. పొద్దుటి నుంచీ చెప్పిన అబద్ధాలు చాలనిపించిందేమో, తల్లి నిజమే చెప్పింది.

"నీ దగ్గరికి వస్తే నువ్వు ఏడుపు ఆపేస్తావనిపించింది. ఆపేస్తే వీడియో రాదు కదా అని, అక్కడే నిలబడ్డాను."

తన మాట తన చెవిన పడ్డాక గానీ, తనేం చేసిందో ఆవిడకి అర్థం కాలేదు. కొడుకు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో కూడా అప్పుడే అర్థమైంది. పొయ్యి పక్కన నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కూతురు వెళ్ళబోయి, ఆగింది. దుకాణానికి ఆలస్యమవుతోంది, మొదటిరోజు. అయినా వచ్చి పక్కన కూర్చుని, తల్లి వీపు మీద చెయ్యి వేసింది. ఊరుకోమని అనలేదు. ఏడుపు నెమ్మదించేదాకా అలాగే నిమిరింది.

"నీ కొత్త గదికి నేనూ వచ్చేస్తానే," అంది తల్లి, వెక్కుతూ.

"చూడ్డానికి రా అమ్మా. ఫోన్ మాత్రం ఇంట్లో పెట్టి రా."

లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.