సుబ్బరాయన్ నోట్లో పాలు

శవం చెయ్యి ఇంకా కిటికీ ఊచకు చిక్కుకునే ఉంది.

వేళ్లన్నీ విరిగాయి. తల ఎడమవైపు పగిలింది. సున్నం గోడ మీద రక్తం చింది గడ్డకట్టింది. మంచం కింద ఆక్సిజన్ సిలిండర్ స్పానర్. ఎవరో దాన్ని ఆదరాబాదరాగా తుడిచారు.

2007 జూన్. కోసపాళయం అనే తమిళ పేట. పట్టపగలు పదకొండు గంటలకు జరిగిన హత్య.

యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఇన్‌స్పెక్టర్ నూకరాజుకు కడుపు మండిపోయింది. రేపోమాపో పోయే మనిషిని ఇంత కసిగా కొడతారా?

సుబ్బరాయన్‌ది గొంతు క్యాన్సర్. మాట పోయింది. నెల కిందట పాలియేటివ్ కేర్ డాక్టర్ ముందు పలక మీద రాసి మరీ తేల్చేశాడు. ఐసీయూ వద్దు. వెంటిలేటర్ వద్దు. నొప్పి తగ్గిస్తే చాలు, తన ఇంట్లోనే పోతాడు. కూతురు జనని ఏడుస్తూనే సరేనంది. సారం పేటలో షాపు నడిపే కొడుకు కార్తికేయన్ మాత్రం చెన్నై ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందేనని పట్టుబట్టాడు.

ఇప్పుడు అతనే చెల్లెలి వైపు వేలు చూపించాడు.

"దీన్ని అరెస్ట్ చేయండి సార్. వైద్యం వద్దన్నది ఇదే."

"ఆ టైంలో ఎక్కడున్నావమ్మా?" నూకరాజు జననిని అడిగాడు.

"పెరట్లో గుడ్డలు ఉతుకుతా ఉండినా సార్. మోటారు ఆడతా ఉండాది. నాయన అరవలేడు కదా."

సాక్షి లేడు. వీధి వీధంతా జనని వైపే చూస్తోంది. జీపు కూడా సిద్ధమైంది. నూకరాజు ఆగమన్నాడు.

మర్నాడు పోస్ట్‌మార్టం డాక్టర్ ఫోన్ చేసి చెప్పిన మాటకు అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఊపిరితిత్తుల్లో పాలున్నాయి.

అన్నాచెల్లెళ్లనూ, ఇంటికొచ్చి చూసే నర్సు పూంగొడినీ హత్య జరిగిన గదిలోనే కూర్చోబెట్టాడు.

"కార్తికేయన్, నిన్న పదకొండింటికి ఎక్కడున్నావు?"

"షాపులో. చెల్లెలు ఫోన్ చేసినాకే వచ్చినా."

"మీ నాన్న పాలు ఎలా తాగేవాడు?"

"ఏంది సార్ ఇది? టంబ్లర్‌తోనే. కొంచెం కొంచెంగా."

ఆడవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"జననీ, నువ్వు చెప్పమ్మా."

"కడుపులోకి ట్యూబు ఉండాది సార్, చొక్కా కింద. పాలైనా మందైనా దాంట్లోనే. నోట్లో పోస్తే ఊపిరికి అడ్డం పడతాది. పూంగొడి అక్క నేర్పించినారు. అన్నని రమ్మంటే రాలే."

నూకరాజు కార్తికేయన్ ఎదురుగా నిలబడ్డాడు.

"పోయే ప్రాణానికి కన్నబిడ్డ నోట్లో పాలు పోయడం మీ ఆచారం. దొంగైతే పోయడు. పోస్తే ఏమవుతుందో జననికి తెలుసు, నర్సుకు తెలుసు. తెలియని బిడ్డవి నువ్వొక్కడివే."

కార్తికేయన్ ఎగిరి చెల్లెలి గొంతు పట్టుకున్నాడు. నూకరాజు అతన్ని జుట్టు పట్టి లాగి గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లింది. అప్పుడు నోరు విప్పాడు.

"వ్యాన్ తెచ్చినా. చెన్నైకి ఎత్తుకుపోదామంటే ఊచ వదల్లే. వేళ్ల మీద కొట్టినా. మొహాన ఉమ్మినాడు. నాకు కళ్లు కనపడలే, తల మీద కొట్టినా. వైద్యం చేయించకుండా చంపినానని ఊరు నన్నే అంటాది కదా సార్. పోయినాడనే అనుకున్నా. బిడ్డగా చేయాల్సింది చేసినా. పాలు పోసినా."

"ఆ దెబ్బకు ఆయన పోలేదు. నువ్వు పోసిన పాలకు ఊపిరాడక పోయాడు."

కార్తికేయన్ కుడి అరచేతిని చొక్కాకు తుడుచుకున్నాడు. నూకరాజుకు జాలి కలగలేదు.

జనని మెడ మీద వేళ్ల గుర్తులు ఎర్రగా తేలాయి. ఆమె అన్న వైపు చూడలేదు.

"నాయన్ని ఎప్పుడిస్తారు సార్?"

"సాయంత్రం."

"కొరివి నేనే పెడతా. అన్నని ఆడికి తీసుకురావద్దండి."