రెండో సీసా

తూటా పొల్యూషన్ ఇన్‌స్పెక్టర్ ఛాతీలో దిగింది. కాలువ గట్టు మీద కూలుతూ కూడా ఆయన నీటి శాంపిళ్ల స్టీలు పెట్టెను వదల్లేదు.

రెండు నిమిషాలు ఆలస్యంగా చేరిన ఏజెంట్ తేలు, హంతకుడి మెడ విరిచి, ఇన్‌స్పెక్టర్ పెదవుల దగ్గర చెవి పెట్టాడు. నాలుగు మాటలు వినిపించాయి. అంతే, ప్రాణం పోయింది.

ఫోన్‌లో చీఫ్. "పదిన్నర. పదకొండింటికి రూలు ఎత్తేసే ఫైలుపై మినిస్టర్ సంతకం. శుద్ధి ప్లాంటు కడితే ఆ విదేశీ కంపెనీకి పెట్టుబడిలో మూడో వంతు ఖర్చు. మనం ఆ ప్లాంటు రూలు ఎత్తేస్తే ఫ్యాక్టరీ ఇక్కడ, లేకపోతే పక్క దేశంలో. వాళ్ల ట్రయల్ యూనిట్ వదిలే విషానికి ఆ శాంపిల్ ఒక్కటే రుజువు."

"ఆ నీళ్లు తాగేదెవరు?"

"ఊరంతా. మీ ఆవిడతో సహా."

ఫోన్ పెట్టేయగానే భార్యే చేసింది. "ఏమండీ, ఐస్‌క్రీమ్ కొన్నారా?"

"కొన్నా. కార్లో ఐసు మధ్య భద్రంగా ఉంది."

"నా బంగారం!"

చేతి రక్తం తుడుచుకుంటూ తేలు మురిసిపోయాడు.

మినిస్టర్ ఆఫీసు పార్కింగ్‌లో ముత్యాల హారంతో అతని డిపార్ట్‌మెంట్ అందగత్తె ఎదురైంది. అందరూ ముత్యం అంటారు.

"నీళ్లు చల్లగా ఉన్నాయా?"

"పళ్లు జివ్వుమనేంత."

కోడ్ సరిపోయింది. మరుక్షణం ఆమె పిస్టల్ అతని డొక్కలో గుచ్చుకుంది. వెనక నుంచి ఒక వస్తాదు గొంతు బిగించాడు. ముత్యం స్టీలు పెట్టె తెరిచి, అందులో ఉన్న ఎర్ర సీలు సీసాను నేలకేసి కొట్టింది.

"రెండో చేతిలో ఐస్‌క్రీమ్ డబ్బానా? పాపం, కొత్త పెళ్లికొడుకు!"

తేలు మోచేయి వస్తాదు దవడ పగలగొట్టింది. పిస్టల్ పేలి తేలు చెవి తమ్మె ఎగిరిపోయింది. వాచీలోంచి దూసుకెళ్లిన సూది ముత్యం మెడలో దిగింది. ముత్యాలు చెల్లాచెదురయ్యాయి.

"ఒక్కసారైనా ఇన్‌స్పెక్టర్లతో కాలువకి వెళ్లాల్సింది, చెల్లెమ్మా. సీసాలు శుభ్రమని చూపడానికి వాళ్లు ఒకదాని నిండా ఉత్త మంచినీళ్లు తెస్తారు. నువ్వు పగలగొట్టింది అదే."

"ఎర్ర సీలుది ఉత్త మంచినీళ్లు" — ఇన్‌స్పెక్టర్ చివరి నాలుగు మాటలు అవే. అసలు సీసా ఆ డబ్బాలో ఐస్‌క్రీమ్ కింద, ఐసులో ఉంది.

పదకొండుకి నిమిషం. మినిస్టర్ పెన్ను కాగితాన్ని తాకబోతుండగా ల్యాబ్ ఆవిడ ఆ సీసా నీళ్లలో విషం తేల్చే మందు చుక్క వేసింది. నీళ్లు నల్లబడ్డాయి. పెన్ను ఆగింది.

"పక్క దేశానికి పోతాం!" అరిచాడు కంపెనీ డైరెక్టర్.

"రిపోర్టు మీకంటే ముందే అక్కడికి చేరుతుంది," అంటూ చీఫ్ బేడీలు వేశాడు.

ఇంట్లో తేలు చెవికి కట్టు కట్టి డబ్బా మూత తీసింది భార్య. ఐసంతా సీసాతో పాటే ల్యాబ్‌కి పోయింది.

"ఊరిని కాపాడారు, సంతోషం. దీనికి చెంచా తేనా, స్ట్రా తేనా?"